గోరువెచ్చగా పంపవలెను

పాల గది, బల్ల మీద చోటు లేక క్యాను మూత మీద పెట్టి రాస్తున్నాను
ఫిబ్రవరి 3

ఒరేయ్ కోతీ,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నువ్వు నన్ను నవ్వించి అసలు సంగతి తప్పించేస్తావు. కాగితం మీద నువ్వెన్ని వేషాలేసినా నా పని నేను చూసుకుంటూ చదువుకోవచ్చు. జవాబు కూడా ఉత్తరమే రాయి. ఈ ఉత్తరం వచ్చిన పెట్టెనే ఖాళీ చేసి, అందులో పెట్టి ఇదే బస్సుకి వెయ్యి, డ్రైవరు మన మలుపులో దించేస్తాడు.

మన ఆవులకి చూడి నిలవడం లేదు. నిలిచిందని పశువుల కాంపౌండరు గారు చెయ్యి పెట్టి చూసి చెప్పిన ఆరు ఆవులు మళ్ళీ ఎదకొచ్చాయి. నల్లచెవిదానికి మూడో నెల దాటాక గర్భం పోయింది. పొద్దున్నే గడ్డి వెయ్యబోతే దాని వెనకాల జానెడు లేని పిండం పడి ఉంది, ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. ఇంకోదానికి చీము కారుతోంది. జ్వరం లేదు, మేత మానలేదు. కాంపౌండరు గారు ముందు గడ్డి తప్పన్నారు, తరవాత ఎండ తప్పన్నారు, మొన్న మన ఆబోతు దొర వైపు చూసి మాట మార్చారు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పారు. ఆబోతులో కంటికి కనబడని పురుగు ఒకటి కాపురం ఉంటుందట. ఆబోతుకి ఏమీ కాదట, అది దాటిన ఆవులు మాత్రం ఇలా అయిపోతాయట. దొర వయసు ఆబోతులో చేరితే ఇక పోదట, మందు లేదట. కబేళా లారీ ఎక్కించడమేనట.

దొర సంగతి నీకు నేను చెప్పాలా. పాక కాలిపోయి పాత మంద మొత్తం పోయినప్పుడు మీ బావ ఏడు నెలలు నోరు తెరవలేదు. మంటల్లోంచి బయటపడ్డ ఒక్క ఆవు ఈని చచ్చిపోతే, దాని దూడకి సీసాతో పాలు పట్టడం మొదలుపెట్టాకే మళ్ళీ మాట్లాడాడు. మొదటి మాట నాతో కాదు, దానితో. ఆ దూడే దొర. దాన్ని లారీ ఎక్కించాల్సి వస్తే... ఇంక రాయను.

చుట్టుపక్కల ఆవులన్నీ దాని దగ్గరికే కదా వచ్చేది. నీ మాట తెలిసేదాకా ఎవరినీ రానివ్వడం లేదు. దొరకి కాలు నొప్పి అని చెప్పాను. మీ బావకి కూడా ఏదో మామూలు పరీక్ష అన్నాను.

కాంపౌండరు గారు దొర పొట్ట కింద అంగాన్ని కప్పే తొడుగు కడిగి ఆ నీళ్ళు సీసాలో పట్టి ఇచ్చారు. పెట్టె నేనే సర్దాను. నాలుగు వైపులా మంచుగడ్డలు పేర్చి, మధ్యలో పొట్టు కూరి, తాడు బిగించాను. ఇన్నేళ్ళలో నేను పంపిన పాల నమూనా ఒక్కటి కూడా చెడలేదు, నీకు తెలుసుగా.

చూసి చెప్పు.

అక్క


జంతు రోగాల పరీక్షా కేంద్రం, రెండో అంతస్తు, కిటికీ ఉండీ తెరుచుకోని గది
ఫిబ్రవరి 6

పదహారు పొదుగుల సామ్రాజ్యానికి ఏకైక మహారాణి, నా ఎడమ చెవి కుడి చెవి కన్నా పొడుగవడానికి ముఖ్య కారకురాలు అయిన అక్కకి,

తమరు పంపిన పేటిక క్షేమంగా చేరింది. మూత తీయగానే ఇంద్రజాలికుడి టోపీలోంచి వచ్చినట్టు పొగలు వచ్చాయి. పక్క గదుల వాళ్ళంతా ఐస్‌క్రీం అనుకుని చెంచాలతో సహా హాజరయ్యారు. లోపల ఆబోతు నీళ్ళున్నాయని మనవి చేశాక, ఎంత వేగంగా వచ్చారో అంతకు రెట్టింపు వేగంతో చెదిరిపోయారు.

ముందుగా ముద్దాయిని పరిచయం చేస్తాను. ఒకే ఒక్క కణం ఒళ్ళు, బేరీపండు ఆకారం. ముందుకి మూడు మీసాలు, వెనక్కి ఒక తోక, పక్కన గాలికి పరదా అంచు రెపరెపలాడినట్టు ఆడే సన్నని పొర. నడక చూస్తే ఇంటి దారి మర్చిపోయిన తాగుబోతు. దీనికి పెళ్ళీ పెటాకులూ లేవు. బుద్ధి పుట్టినప్పుడు నిలువునా చీలి రెండవుతుంది, అందుచేత వాళ్ళ ఇళ్ళల్లో సంబంధాలు కుదరలేదన్న బాధ లేదు. పేగుల్లోనూ గర్భసంచుల్లోనూ అద్దె లేకుండా ఉండటం వీళ్ళ వంశవృత్తి. మా కేంద్రంలో ఒక పిల్లి ఉందని చెప్పానా? సూపరింటెండెంటు అని పిలుస్తాం. ఏ పనీ చెయ్యకుండా అందరి కుర్చీల్లోనూ కూర్చుంటుంది కాబట్టి. దానికి మూడు నెలలుగా విరేచనాలు. మొన్న పరీక్షిస్తే దాని పేగుల్లో ఉన్నది మన ముద్దాయి చుట్టమే. పిల్లికి పేగు, ఆవుకి గర్భం, ఆబోతుకి ఊరికే విడిది.

ఇక తీర్పు. ఇరుపక్షాల వాదనలు విని (దొర పక్షాన వాదించింది నేనే, ఎదుటి పక్షానికి ఎవరూ రాలేదు), సదరు సీసాలోని నీటిని చుక్క చుక్కగా గాజుపలకల మీద పరిచి, మెడ పట్టేసేదాకా చూసి, కదిలే ప్రాణి ఒక్కటీ కనబడనందున దొరని నిర్దోషిగా విడుదల చేయడమైనది. సర్టిఫికెట్టు జత చేశాను. స్టాంపు కొంచెం వంకరగా పడింది, దాన్ని పట్టించుకోకు.

దొర కాలు నొప్పి నయమైందని ఇక ప్రకటించుకోవచ్చు. బావకి నా సలాములు, దొరకి అంతకన్నా పెద్ద సలాములు.

తమరి తమ్ముడు, గాజుపలకల న్యాయస్థానం


పాల గది
మార్చి 2

కోతీ,

నీ కాగితం చూసి ఒళ్ళు తేలికపడింది. అసలు సంగతి అప్పుడు చెప్పాను మీ బావకి. చేతిలో చెంబు కింద పెట్టాడు. తరవాత ఆ సర్టిఫికెట్టు తీసుకెళ్ళి దొర ముందు నిలబడి గట్టిగా చదివి వినిపించాడు. అది చెవులాడించిందట. "చూశావే, దీనికి ముందే తెలుసు," అంటాడు. ప్లాస్టిక్ కవరులో పెట్టి పాక తలుపుకి మేకులు కొట్టాడు.

కాలు నొప్పి పోయిందని తెలియగానే జనం వచ్చేశారు. రిటైరైన మాస్టారు రెండు ఆవుల్ని తోలుకొచ్చారు. వీధి మలుపులో మిషను పెట్టుకున్న టైలరమ్మ తన ఒక్కగానొక్క ఆవుని తెచ్చింది. ఆవిడకి చదవడం రాదు. మీ బావ చదివి వినిపించబోతే, "అంత చదువు నాకెందుకన్నా, స్టాంపుందిగా" అంది. అలా అంటూనే ఆవు మెడ నిమురుతూ నిలబడింది. వాళ్ళమ్మకి మంచంలోనే అన్నీ. ఆ ఆవు పాలు తప్ప ఆ ముసలామె ఇంకేమీ మింగలేదు.

ఇప్పటికి బయటి ఆవులే పదకొండు.

పెట్టె బాగానే చేరిందని రాశావు. సంతోషం. స్టాంపు వంకర అని రాసిన ముక్క మాత్రం ఎందుకో రెండు మూడుసార్లు చదివాను.

అక్క


అదే గది, కిటికీ తెరవడానికి దరఖాస్తు పెట్టాను
ఏప్రిల్ 10

చెవుల మీద సర్వహక్కులూ కలిగిన అక్కకి,

నెల దాటి జవాబు ఇస్తున్నందుకు క్షమాపణలు. సూపరింటెండెంటు గారి పొట్ట పనుల మీద తీరిక లేకపోయింది.

ఒక చిన్న విన్నపం. దొర ఉద్యోగి. ఏ ఉద్యోగికైనా సెలవులుంటాయి. పదకొండు మంది అత్తగార్ల ముందు ఏకబిగిన హాజరు కావడమంటే ఎంతటి వాడికైనా కష్టమే. రెండు నెలలు విశ్రాంతి ఇవ్వరాదూ? ఆవుల్ని కూడా కాస్త ఊపిరి పీల్చుకోనిద్దాం.

ఇంకో విన్నపం, ఇది మొదటిదానికన్నా చిన్నది. శాస్త్రానికి ఒక చెడ్డ అలవాటుంది, విన్న మాటే మళ్ళీ చెప్పమంటుంది. వీలు చూసుకుని ఇంకో సీసా పంపించు. ఈసారి మంచు పెట్టకు. పెట్టె బరువని డ్రైవరు గొణుగుతున్నాడు. ఎవరైనా మనిషి జేబులో పెట్టుకొస్తే చాలు. తొందరేం లేదు. అంటే, మరీ ఆలస్యం కూడా వద్దు.

నల్లచెవిది ఎలా ఉంది? టైలరమ్మ ఆవు?

తమ్ముడు


పాల గది
ఏప్రిల్ 14

తమ్ముడూ,

ఒకసారి లేదని స్టాంపు వేసి ఇచ్చావు. ఇంకోసారి ఎందుకు? ఆ మాట మీ బావకి చెబితే ఆ పూట అన్నం మానేస్తాడు. దొరకి సెలవు ఎందుకని మాస్టారడిగితే నేనేం చెప్పను? కాలు నొప్పి ఒక్కసారే పనికొస్తుంది.

డ్రైవరు బరువని గొణిగాడా? నన్నేమీ అనలేదే.

అక్క


పాకలో, ఎరువు బస్తా మీద కూర్చుని
మే 28

తమ్ముడూ,

టైలరమ్మ ఆవు చచ్చిపోయింది.

చూడి నిలిచిందని అందరికీ చెప్పుకుంది. రెండు నెలలు దాటాక ఒకరోజు చీము మొదలైంది. లోపల పిండం చచ్చి కుళ్ళిపోయిందట, బయటికి రాలేదు. ఆవిడకి తెలియక నాలుగు రోజులు వేడినీళ్ళతో కడుగుతూ కూర్చుంది. కాంపౌండరు గారు వెళ్ళేసరికి ఆవు లేవడం మానేసింది. గర్భసంచి నిండా చీమేనట, బక్కెట్టు నిండిందట. తొమ్మిదో రోజు పోయింది. వీధి మొత్తం ఆ వాసన.

మాస్టారి ఆవులు రెండూ మళ్ళీ ఎదకొచ్చాయి. ఇంకా ఎవరెవరివో నాకు చెప్పడం మానేశారు. చెప్పకపోయినా తెలుస్తుంది, నన్ను చూసి పక్క సందులోకి తిరుగుతున్నారు.

నిన్న టైలరమ్మ మా పాక దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. తలుపు మీది కాగితం ముందు నిలబడింది. వేలితో స్టాంపు చుట్టూ ఒకసారి గుండ్రంగా గీసింది. "ఇది ఎవరేశారక్కా?" అని అడిగింది. "మా తమ్ముడు," అన్నాను. తలూపి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మకి ఇప్పుడు డబ్బా పాలు కలిపి పడుతోంది, సగం కక్కేస్తోంది.

మీ బావ మాత్రం ఇంకా దొర తప్పు కాదనే అంటున్నాడు. "నా బామ్మర్ది చూశాడు, లేదన్నాడు," అని అందరి మీదకీ వెళ్తున్నాడు.

ఆ పెట్టె గురించి నువ్వు నన్ను ఏమీ అడగవేం?

అక్క


రెండో అంతస్తు
జూన్ 1

అక్కా,

ఈ ఉత్తరానికి బిరుదులు పెట్టడం లేదు. మూడు కాగితాలు చింపాను. మూడింటిలోనూ రెండో వాక్యానికల్లా జోకు వచ్చేసింది. చెయ్యి అలవాటు.

నీ పెట్టె మూత తీసినప్పుడే నాకు తెలుసు. ఈ పురుగు చలికి తట్టుకోదు. ఆబోతు ఒంట్లో వెచ్చగా బతికేది, మంచులో పెడితే చస్తుంది. చచ్చినది ఈదదు. ఈదనిది మాకు కనబడదు, చీము కణాల మధ్య ఇంకో చుక్కలా ఉంటుంది. పాల నమూనాకి మంచు ప్రాణం, దీనికి మంచు చావు. అందుకే ప్రతి ఖాళీ సీసా మెడకీ చీటీ కట్టి కాంపౌండర్లకి పంపుతాం. ఆ చీటీ రాసింది నేనే. "గోరువెచ్చగా పంపవలెను. ఇందులో ఉన్నవారు చలికి ఓర్వలేని సుకుమారులు. పసిగుడ్డుని ఎత్తుకున్నట్టు ఒంటికి ఆనించి తేవలెను." చదివిన వాళ్ళందరూ నవ్వేవారు. నువ్వు చదవలేదనీ, కాంపౌండరు మర్చిపోయాడనీ అనుకున్నాను.

మంచులో వచ్చిన సీసాని చూడకూడదు. తిప్పి పంపాలి. ఫారంలో ఒక గడి ఉంటుంది: నమూనా వచ్చిన స్థితి. నేను 'సరిగా ఉంది' అని టిక్కు పెట్టాను. ఎందుకు పెట్టానో చాలాసార్లు అడుక్కున్నాను. తిప్పి పంపితే నువ్వు ఇంకో సీసా పంపుతావు. అందులో అవి ఈదుతూ కనబడితే ఆ మాట నేనే రాయాలి. బావ నోరు మళ్ళీ మూతపడితే దానికి నేను స్టాంపు వెయ్యాలి. చూడకుండా ఉండటానికి నాకు ఒక సాకు పొగలు కక్కుతూ పెట్టెలో వచ్చింది. తీసుకున్నాను.

తరవాత పిల్లి నన్ను పట్టేసింది. మార్చి నెలాఖరులో సూపరింటెండెంటు నమూనా తీసి రెండు సీసాల్లో పోశాను. ఒకటి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను, ఒకటి మంచులో పెట్టాను. మర్నాడు జేబులోది చూస్తే సంత. మంచులోది చూస్తే ఒక్కటీ కదల్లేదు. పుస్తకంలో చదివిన ముక్కే కదా, మళ్ళీ చూడటం దేనికి అంటావేమో. చూశాక కూడా నేను నీకు రాసింది ఏమిటి? డ్రైవరు గొణుగుతున్నాడని.

మా పై అధికారి మేడంకి ఇవాళ చెప్పాను. ఆవిడ రెండు కళ్ళజోళ్ళు మార్చి మార్చి పెట్టుకుని ఫారం చదివారు. అరవలేదు. "చల్లగా ఉందని మూత తీసినప్పుడే తెలిసిందా?" అన్నారు. అవునన్నాను. "మరి మళ్ళీ మూత ఎందుకు పెట్టలేదు?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఎన్నో సరదా జవాబులుండేవి.

ఇంకో సీసా పంపు. మనిషి ఒంటికి ఆనించి. ఇవాళ్టి నుంచి దొర దగ్గరికి ఒక్క ఆవునీ రానివ్వకు. టైలరమ్మ అడిగితే స్టాంపు నాదేనని మళ్ళీ చెప్పు.

తమ్ముడు


పాల గది
జూన్ 4

మీ బావ తనే బయలుదేరాడు. సీసాని చొక్కా లోపల పెట్టి, తువ్వాలుతో పొట్టకి కట్టుకున్నాడు. దొర నిర్దోషి అని ఇంకోసారి రాయించుకొస్తానని అందరితో చెప్పి మరీ వెళ్తున్నాడు. ఈ ఉత్తరం ఆయన జేబులోనే ఉంది, ఆయన చదవడు. నువ్వు రాసిందేదీ ఆయనకి నేను చెప్పలేదు. నువ్వే చెప్పు. నా చేత కాదు.

నాకు ఇంకో మాట కూడా రాయాలని ఉంది. తరవాత.

అక్క


రెండో అంతస్తు
జూన్ 6

అక్కా,

బావ మొన్న పది గంటలకి వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. బస్సులో సీటు దొరక్క మూడు గంటలూ నిలబడే వచ్చాడట, ఒక చెయ్యి కడ్డీ మీద, ఒక చెయ్యి పొట్ట మీద. పక్కనున్న ఒకావిడ, "ఏంటండీ, కడుపునొప్పా?" అని అడిగిందట. "కాదమ్మా, మావాడి నీళ్ళు," అన్నాడట. ఆవిడ తరవాతి స్టాపులో దిగిపోయిందట. ఇదంతా చెప్పి బావ నవ్వాడు. టీ ఇస్తే ఒక చేత్తోనే తాగాడు. సీసా నా చేతికివ్వమంటే, "ఆగరా, చల్లారిపోతుంది. అన్నీ సిద్ధం చేసుకుని అప్పుడడుగు," అన్నాడు. మా దగ్గరికి ఇంత పద్ధతిగా వచ్చిన నమూనా ఇంకోటి లేదక్కా. నా చీటీలో రాసిన పసిగుడ్డు మాట ఆయన చదవకుండానే చేశాడు.

మేడం నా పక్కనే నిలబడ్డారు. ఒక చుక్క పెట్టాను. వెతకనక్కర్లేకపోయింది. కన్ను పెట్టగానే నాలుగు, పలక కొంచెం జరిపితే ఇంకో ఆరు, మీసాలాడిస్తూ, దొర్లుతూ. పక్కకి జరిగి మేడంకి చోటిచ్చాను. మేడం చూసి ఫారం తన చేత్తోనే రాసుకున్నారు.

బావ అన్నాడు, "నన్నూ చూడనీరా."

ముందు తప్పు కన్ను మూశాడు. సరిచేశాను. చాలాసేపు చూశాడు. "ఎంత హుషారుగా ఉన్నాయిరా," అన్నాడు. నాకు తెలుసక్కా, మూడు గంటలు వాటిని వెచ్చగా కాపాడింది ఆయన పొట్టే.

"ఇవి వాణ్ణి నొప్పి పెట్టవా?"

"లేదు బావా. ఉన్నాయని కూడా దానికి తెలీదు."

"అది మంచిదే."

అప్పుడు మొదటి సీసా సంగతి చెప్పాను. మంచులో వచ్చిందని, చూసి కూడా టిక్కు పెట్టానని. ఒక్క చోట అబద్ధమాడాను. ఆ సీసాకి చీటీ కట్టడం నేనే మర్చిపోయానని, అందుకే అక్క తెలియక మంచు పెట్టిందని అన్నాను. నిన్ను ఆయన ఒక్క మాట అనకూడదనిపించింది. మేడం నా వైపు చూసి, ఫారం మడిచి పక్కన పెట్టారు.

బావ అడిగింది ఒకటే. "టైలరమ్మ ఆవు నీ కాగితం తరవాతే కదా వచ్చింది?"

అవునన్నాను.

కుర్చీలో కూర్చుని చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. సూపరింటెండెంటు ఎక్కడినుంచో వచ్చి ఆయన ఒళ్ళోకి ఎక్కింది. దాని కథ చెప్పాను. వీపు నిమురుతూ అడిగాడు, "దీనికి మందుందా?"

"పిల్లికి ఉంది బావా."

"పోనీలే, దీనికైనా ఉంది," అన్నాడు. తరవాత లేచి, లారీ ఏ రోజు రావాలో కాగితం మీద రాసివ్వమన్నాడు.

తమ్ముడు


పాకలో
జూన్ 21

తమ్ముడూ,

దొర మొన్న వెళ్ళిపోయింది. లారీ వాళ్ళు తాళ్ళు తెచ్చారు. మీ బావ వద్దన్నాడు. తను ముందు ఎక్కాడు, అది వెనకే ఎక్కింది. తను దిగాడు. అది అరవలేదు, చెవులాడించింది, అంతే.

నువ్వు మీ బావకి ఆడిన అబద్ధం నేను మొయ్యలేను. అందుకని నీ ఉత్తరం అందిన రోజే, ముందు నీకు కాదు, ఆయనకి చెప్పాను. ఇప్పుడు నీకు రాస్తున్నాను.

ఆ రోజు సీసాకి చీటీ ఉంది. కాంపౌండరు గారు మర్చిపోలేదు, "అమ్మా, చంకలో పెట్టుకునైనా వెచ్చగా పంపండి," అని రెండుసార్లు చెప్పారు కూడా. చీటీ చదివాను. సుకుమారులు అన్న చోట నవ్వాను, అది నీ రాతేనని గుర్తుపట్టాను. నవ్వి, చీటీ తెంపి పొయ్యిలో వేశాను. తరవాత మంచుగడ్డలు పేర్చాను. నాలుగు వైపులా. తెలిసే పేర్చాను.

ఎందుకు చేశానో నీకు చెప్పనక్కర్లేదు, నువ్వు టిక్కు ఎందుకు పెట్టావో నాకు చెప్పనక్కర్లేనట్టే. కానీ ఒక్కటి నమ్ము. పెట్టెకి తాడు కడుతున్నప్పుడు నా మనసులో ఉన్నది ఇదీ: వాడు మంచు చూస్తాడు, తిట్టి తిప్పి పంపుతాడు, అప్పటికి నాకు ఇంకో వారం దొరుకుతుంది, ఆ వారంలో ఆయనకి ఎలా చెప్పాలో ఆలోచించుకుంటాను. నువ్వు తిప్పి పంపుతావనే అనుకున్నానురా. స్టాంపుతో కాగితం వచ్చేసరికి, నన్ను నేనే ఒప్పించేసుకున్నాను. బహుశా నిజంగానే లేవేమో, మంచులో కూడా కొన్ని బతికేవేమో, వాడికి తెలియదా ఏమిటి అనుకున్నాను. నువ్వు రెండో సీసా అడిగినప్పుడు కూడా తెలిసే వద్దన్నాను.

ఇదంతా విని మీ బావ ఏడు నెలలు నోరు మూసుకుంటాడని కదా మన ఇద్దరి భయం. మూసుకోలేదు. గడ్డి మోపు దించి, "నాకు చెప్పి ఉంటే ఆ రోజే నేనే తోలుకెళ్ళేవాణ్ణి కదే," అన్నాడు. అంతే. నేను ఎన్నాళ్ళుగానో ఈ మనిషిని గాజుగ్లాసులా పట్టుకుని తిరుగుతున్నాను. గ్లాసు కాదురా ఆయన.

మర్నాడు పొద్దున మన ఎర్ర పెయ్యని తోలుకుని టైలరమ్మ ఇంటికెళ్ళాడు. నేనూ వెళ్ళాను. అది ఎప్పుడూ దొర దగ్గరికి పోలేదని, దానికి ఏ రోగమూ లేదని, కాంపౌండరు గారిని అడగమని ఇద్దరం చెప్పాం. ఆవిడ మిషను ఆపలేదు. "లేదని మీరు ఇంతకు ముందు కూడా చెప్పారన్నా," అంది. లోపల ముసలామె దగ్గుతోంది. పెయ్యని మళ్ళీ ఇంటికి తోలుకొచ్చాం. రోజూ పొద్దున ఆవిడ గుమ్మంలో ఒక పాలచెంబు పెట్టి వస్తున్నాను. సాయంత్రం వెళ్ళేసరికి నిండుగానే ఉంటోంది.

తలుపు మీది కాగితం మీ బావ తీసేశాడు. మేకుల చిల్లులు నాలుగు ఉండిపోయాయి.

అక్క


కింది అంతస్తు, సీసాలు కడిగే గది. దీనికి పెద్ద కిటికీ ఉంది, తెరుచుకుంటుంది
జూలై 2

అక్కా,

నన్ను మైక్రోస్కోపు దగ్గర్నుంచి తీసేసి ఇక్కడ పెట్టారు. ఎన్నాళ్ళో చెప్పలేదు. అడగలేదు. రోజూ కొన్ని వందల సీసాలు కడిగి, ఆరబెట్టి, మెడకి చీటీలు కడుతున్నాను. సూపరింటెండెంటు పొట్ట నయమైంది. కిటికీలో కూర్చుని నన్ను తనిఖీ చేస్తోంది.

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం రావాలని చాలా ప్రయత్నించాను. ఫోన్లో అయితే నవ్వించి తప్పించుకుంటానని కదా ఉత్తరాలు మొదలుపెట్టావు. ఇద్దరం కాగితం మీద కూడా బాగానే తప్పించుకున్నాం.

ఆదివారం వస్తున్నాను. ముందు మీ ఇంటికి కాదు, టైలరమ్మ దగ్గరికి. స్టాంపు వేసిన మనిషి మొహం ఆవిడ చూడాలి. పాలచెంబు ఆపకు.

చీటీ మళ్ళీ రాయమని మేడం అన్నారు. పాతదానిలో నవ్వే చోట్లు ఎక్కువగా ఉన్నాయట. రాసి చూపించాను, ఏమీ దిద్దలేదు. నిన్నటి నుంచి దీన్నే కడుతున్నాను.

"గోరువెచ్చగా పంపవలెను. మనిషి ఒంటికి ఆనించి తేవలెను. మంచులో వచ్చిన సీసాని తెరవకుండా తిప్పి పంపుతాం. ఎవరు పంపినా."

తమ్ముడు